విడుపు

సారెమా దీవిలో ఫిబ్రవరి.
సముద్రం గడ్డకట్టి గొడ్డలికి కూడా లొంగడం లేదు.
షెడ్డులో పొయ్యికి ఇవతల పన్నెండు డిగ్రీలు,
అవతల గోడ పక్కన రెండు.
జిగురు ఎంచుకునే ముందు
ఏ గోడ పక్కన నిలబడ్డావో చూసుకోమంటాడు ఎండెల్.

వేడి బంక తుపాకి నా చేతిలో.
అచ్చుకీ బద్దకీ మధ్య బఠాణీ గింజంత చుక్క,
పది లెక్కపెట్టేలోగా పట్టేస్తుంది.
మేకు అక్కర్లేదు, కన్నం పడదు.
పొద్దున వచ్చి చూస్తే
గోడవైపు బద్దలు మూడు
చలికి బిర్రబిగిసి, టప్పున ఊడి
నేలమీద పడున్నాయి,
రాత్రి అలిగి మంచం దిగినవాళ్ళలా.
"దీనికి వేసవి మాటలే తెలుసు," అన్నాడాయన.

రెండువైపులా అంటే టేపు ఉంది,
కొలతలు గీసుకునే పలచటి రేకులకి మంచిది.
తడి తగలనంతవరకే దాని స్నేహం.
సూపర్ గ్లూ ఉంది,
నా బొటనవేలికి రెండుసార్లు పరిచయం.
ఎంత గట్టిగా పట్టాలి, అని అడిగాను.
"సాయంత్రం దాకా."

ఎపాక్సీ సంగతి చెప్పకూడదనుకున్నాను.

మొనకర్ర దగ్గర బద్ద వంగనని మొరాయిస్తే
క్లాంపు ఆనడానికి ఒక దిమ్మె కావలసివచ్చింది.
ఒక్కపూట దిమ్మె.
డబ్బా అడుగున మిగిలిన ఎపాక్సీ
వృథా ఎందుకని పూశాను.
మర్నాడు ఉలి పెట్టి కొడితే
దిమ్మె వచ్చింది,
దాన్ని పట్టుకుని అరచేయంత పైన్ చెక్క కూడా వచ్చింది,
నారలు నారలుగా,
లోపలి తెల్లదనమంతా బయటపెట్టి.
ఉడుంపట్టు.
ఎండెల్ కేకలెయ్యలేదు.
టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ రోజే అటక మీంచి దించాడు
గోధుమరంగు పలుకుల డబ్బా,
ఎద్దుతోలు ఉడకబెట్టి తీసిన జిగురు.
రాత్రంతా నీళ్ళలో నానాలి,
పొద్దున నీళ్ళగిన్నెలో గిన్నె పెట్టి కాచాలి,
మరిగిందా, చచ్చిందన్నమాటే.
షెడ్డంతా తడిసిన గుర్రపు జీను వాసన.

చెక్కకీ దిమ్మెకీ మధ్య ఒక కాగితం.
అంతే కిటుకు.
అందుకని దాచుకున్నాడు ముప్పై ఏళ్ళనాటి
దీవి టెలిఫోను పుస్తకం.
"ఈ నంబర్లు ఇప్పుడెవరూ ఎత్తరు. మంచి కాగితం."
మొదటి పేజీ నుంచి వరసగా చింపుతాడు,
చదవకుండా.
నేను చదువుతాను.

మూడోరోజు పలచటి ఉలి,
కొయ్యసుత్తితో ఒక్క తట్టు.
కాగితం తన మందంలోనే రెండుగా చీలింది.
సగం దిమ్మె మీద, సగం పడవ మీద,
చెక్కకి గీత కూడా లేదు.
పడవ మీది సగంలో, వెనకనుంచి చూస్తే
తిరగబడ్డ అక్షరాల్లో
కాస్క్ లెంబిత్, రొట్టెల బట్టీ, అయిదంకెలు.
వేడినీళ్ళ గుడ్డ అదిమి పట్టుకున్నాను.
రొట్టెల బట్టీ ముందు పోయింది.
లెంబిత్ కాసేపు ఉన్నాడు.

నేను చీల్చిన చోట ఆయన కొత్తచెక్క పొదిగాడు,
ఎపాక్సీతోనే, ఈసారి ఎప్పటికీ వదలకుండా.
చిత్రిక పట్టాక నాకే కనబడలేదు.

ఏప్రిల్లో హెల్మి వచ్చింది,
పెర్చ్ చేపల వలలకని పడవ కట్టించుకున్న మనిషి.
గ్లోవ్ విప్పి, మేను తడుముకుంటూ నడిచి
సరిగ్గా అక్కడే ఆగింది.
ఎండెల్ నావైపు చూడలేదు.
"అక్కడ కొమ్మముడి ఉండేది," అన్నాడు.

మంచు కరిగేదాకానే నా ఒప్పందం.
వెళ్ళేముందు జిగురుగిన్నె కడిగి బోర్లించాను.
టెలిఫోను పుస్తకం పొయ్యి పక్కన, గూట్లో,
ఇంకా ఎమ్ అక్షరం దగ్గరే ఉంది.
ఆయన ఇంటిపేరు వీతో మొదలవుతుంది.